ఇంట్లో స్క్వాట్ స్టాండ్ పెట్టుకోవాలని ఉంది, బార్ కింద ఇరుక్కున్న రోజు మాత్రం మర్చిపోలేకపోతున్నాను

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 43, బ్యాంకు ఉద్యోగం. అబ్బాయి తొమ్మిదో తరగతి, పాప ఒకటో తరగతి. రెండేళ్ళ కిందట వాళ్ళ అమ్మగారు బాత్రూంలో జారిపడితే తుంటి విరిగింది. అప్పటికి ఆవిడకి 68 ఏళ్ళు. ఆ ఆసుపత్రి చుట్టూ తిరిగే రోజుల్లోనే డాక్టరుగారు కూతుర్ని కూడా ఎముకల పరీక్ష చేయించుకోమన్నారు. సాంద్రత కొంచెం తక్కువ ఉందని తేలింది. నడక ఒక్కటే చాలదు, బరువులతో వ్యాయామం చెయ్యమన్నారు. జిమ్‌లో చేరి, ప్లేట్లు తగిలించని ఖాళీ బార్ (బరువుల కడ్డీ) భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌తో మొదలుపెట్టి, ఏడాదిన్నరలో 55 కిలోలతో వరసగా ఐదుసార్లు, అంటే ఐదు రెప్స్ దాకా వచ్చారు. "పెళ్ళయ్యాక నా కోసం నేను పట్టుబట్టి నేర్చుకున్నది ఇదొక్కటే" అని రాశారు.

మూడు నెలల కిందట ఒక ఉదయం కోచ్ బయట ఫోన్‌లో ఉండగా నాలుగో రెప్‌లో కిందికి వెళ్ళి లేవలేకపోయారు. బార్‌ని ఆనించి పెట్టే ఆ స్టాండ్‌కి, పడే బార్‌ని ఆపే కడ్డీలేవీ లేవు. మెడ వెనక బార్‌తో ముందుకు ఒరిగిపోతుంటే ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి చెరో వైపు పట్టుకుని లేపారు. దెబ్బ తగల్లేదు. అయితే అప్పటినుంచి 40 కిలోలు దాటాలంటే కాళ్ళు చల్లబడుతున్నాయట. ఈలోగా బ్రాంచి మారి ప్రయాణం పెరిగింది, జిమ్ వేళలు కుదరడం లేదు. ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నారు.

ఉండేది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు అద్దె ఫ్లాట్. పాత మంచం, ఇస్త్రీ బట్టలు ఉండే 10 అడుగులు, 9 అడుగుల గది ఒకటి ఖాళీ చేయగలరు. చేతిలో 25 వేలున్నాయి. విడివిడిగా ఉండే రెండు స్టాండ్లయితే 5 వేలు, అడుగున కలిపి, ముందు బార్‌ని ఆపే కడ్డీలు (సేఫ్టీ ఆర్మ్స్) ఉన్న స్టాండ్ 17 వేలు, నాలుగు స్తంభాల పవర్ ర్యాక్ 36 వేలు చెప్పారట. గాజువాక ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపాయన 12 వేలకు చేసిస్తానన్నాడు. "వాడతావో లేదో తెలీదు, ముందు ఆ 5 వేలవి తెచ్చుకో" అంటారు వాళ్ళాయన. "ఇంట్లో ఇనప పంజరమా, ఆడవాళ్ళకి ఈ మోతలేమిటి" అంటారు అత్తయ్యగారు. కింది ఫ్లాట్‌లో బైపాస్ అయిన పెద్దాయన ఉన్నారు. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు: ఏ స్టాండ్ కొనాలి? అసలు కొనాలా? కొంటే నా భయం పోతుందా?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ధరలు, కొలతలు అన్నీ రాసి, ఆ నాలుగో రెప్ గురించి మాత్రం ఐదు లైన్లలో ముగించేశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఏ స్టాండ్ కొనాలన్నదానికి జవాబు కూడా అందులోనే ఉంది.

ఆ రోజు తప్పు మీ కాళ్ళది కాదండి. బరువులెత్తే ప్రతివాళ్ళకీ లేవలేని రెప్ ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నిద్ర చాలని రోజు, తిండి సరిగ్గా తినని రోజు, ముందు రోజుకన్నా రెండున్నర కిలోలు ఎక్కువ వేసుకున్న రోజు. అది రావడం వింతేమీ కాదు. వచ్చినప్పుడు బార్ ఎక్కడ ఆగుతుందన్నదే ప్రశ్న. మీ జిమ్‌లో ఆ ఏర్పాటు లేదు. మీ ఒంటికి ఆ సంగతి తెలుసు కాబట్టే 40 దగ్గర ఆగిపోతోంది. దాన్ని పిరికితనమని తిట్టుకోకండి.

అందుకే షాపులో స్టాండ్ చూసేటప్పుడు "ఎన్ని కిలోలు ఆగుతుంది?" అని మొదలుపెట్టకండి. ఆ అంకె ప్రతి స్టాండ్ మీదా పెద్దదిగానే రాసి ఉంటుంది. కదలకుండా, నిటారుగా, రెండు కొక్కేలమీదా సమానంగా పెట్టిన బరువు లెక్క అది. మీరు ఎత్తేది 55, రెండేళ్ళకి 80 అనుకుందాం. దానికి ఏ స్టాండయినా ఆగుతుంది. మీరు చూడాల్సింది, లేవలేకపోయిన క్షణాన ఆ స్టాండ్ మీకేం చేస్తుందన్నది.

ఈ కళ్ళతో చూస్తే విడి స్టాండ్లు మీకు పనికిరావని నా అభిప్రాయం. నేను కూడా ఇంట్లో మొదట తెచ్చుకున్నవి అవే. అమ్మినాయన రెండు వందల కిలోలు ఆగుతుందన్నాడు, ఆగింది కూడా. ఒకరోజు ఐదో రెప్ అయ్యాక అలిసిపోయి, ముందుకు నడిచి బార్ పెట్టాను. ఎడమ వైపు కొక్కెంలో కూర్చుంది. కుడి వైపు మాత్రం కొక్కెం అంచుకి తగిలి, స్టాండ్‌నే వెనక్కి నెట్టేసింది. అది మెల్లగా వెనక్కి వాలి, ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత గోడకి కొట్టుకుంది. బార్ కుడి కొస నేలకి దిగింది, టైల్ మీద అర్ధచంద్రాకారంగా పెచ్చు లేచింది. బార్‌ని వదలకుండా పట్టుకున్నందుకు నా భుజం రెండు వారాలు పైకి లేవలేదు. బరువు 60 కిలోలే. స్టాండ్ విరగలేదు, వంగలేదు. రెండు స్టాండ్ల మధ్య ఏ బంధమూ లేకపోవడమే దాని లోపం. ఒకటి జరిగితే రెండోది పట్టి ఉంచదు. బార్ పెట్టేటప్పుడే ఇలా అయితే, లేవలేకపోయినప్పుడు అవి చేసే సాయం ఏమీ లేదు. మీవారు డబ్బు వృథా కాకూడదని చెబుతున్నారు, ఆ మాటలో తప్పు లేదు. కానీ ఇరుక్కుపోయిన అనుభవం ఉన్న మనిషికి ఆ 5 వేల స్టాండ్లు తెచ్చిపెడితే ఆవిడ వాటిని నిజంగానే వాడదు. అప్పుడు "చూశావా, నేను చెప్పలేదూ" అనే మాట మిగులుతుంది.

ఇక పవర్ ర్యాక్. నాలుగు స్తంభాల మధ్య నిలబడి చేస్తారు, రెండు వైపులా అడ్డ కడ్డీలుంటాయి, ముందుకు పడ్డా వెనక్కి పడ్డా బార్ వాటి మీదే ఆగుతుంది. భద్రతలో దీన్ని మించింది లేదు. మీది సొంత ఇల్లయి, గది ఆ ఒక్క పనికే కేటాయించగలిగితే, డబ్బు కూడబెట్టుకుని అదే కొనమనేదాన్ని. అద్దె ఇంట్లో మాత్రం ఇల్లు మారిన ప్రతిసారీ బోల్టులన్నీ విప్పి, మూడంతస్తులు దింపి, మళ్ళీ బిగించాలి. గదిలో ఇంకేమీ పట్టదు. పైగా మీ 25 వేలల్లో బార్, ప్లేట్లు, రబ్బరు మ్యాట్లు కూడా కలిపారా? ఉత్తరంలో వాటి ఊసే లేదు. 36 వేల ర్యాక్ కొని, దాని మీద పెట్టడానికి బార్ లేక ఆర్నెల్లు ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

అడుగున కలిపి ఉండి, ముందుకి రెండు చేతులు చాచినట్టు సేఫ్టీ ఆర్మ్స్ ఉన్న స్టాండ్ వైపే నేను మొగ్గుతాను. అయితే ఈ రకంలోనే మంచిదీ ఉంది, ప్రమాదకరమైనదీ ఉంది. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా స్టాండ్ పాదంలో ఉంటుంది.

ఒక టేపు పట్టుకెళ్ళండి. స్తంభం నుంచి ముందుకి సేఫ్టీ ఆర్మ్ ఎంత పొడవు వచ్చిందో కొలవండి. అదే స్తంభం నుంచి నేల మీది పాదం ముందుకి ఎంత పొడవు వచ్చిందో కొలవండి. పాదం ఆర్మ్‌కన్నా పొట్టిగా ఉంటే ఆ స్టాండ్ వద్దు. ఎందుకో చెబుతాను. ఆర్మ్ 60 సెంటీమీటర్లు, పాదం 30 సెంటీమీటర్లే అనుకోండి. మీరు లేవలేక 80 కిలోల బార్‌ని స్తంభానికి 50 సెంటీమీటర్ల దూరంలో ఆర్మ్స్ మీద వదిలారు. బరువు పాదం కొసకి 20 సెంటీమీటర్లు బయట పడింది. స్టాండ్‌ని ముందుకి తిప్పే బలం 80 ఇంటూ 20, అంటే 1600. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది స్టాండ్ సొంత బరువు. అది 40 కిలోలుండి, ఆ బరువు స్తంభం దగ్గర ఉందనుకుంటే, 40 ఇంటూ 30, 1200. 1600 గెలుస్తుంది, స్టాండ్ మీ మీదకి వాలుతుంది. అదే పాదం 60 ఉంటే బరువు పాదం లోపలే పడుతుంది కాబట్టి తిరగబడే ప్రశ్నే రాదు. ఇది నిలకడగా ఉంచిన బరువు లెక్క. జారవిడిస్తే ఇంకా ఎక్కువ దెబ్బ పడుతుంది. వెనక ప్లేట్లు తగిలించే కొమ్ములుంటే మంచిదే, ఆ బరువు వెనక్కి పట్టి ఉంచుతుంది. కానీ వాటిని నమ్ముకుని పొట్టి పాదం తీసుకోకండి. మీరు ప్లేట్లన్నీ బార్‌కి ఎక్కించిన రోజున వెనక ఏమీ మిగలదు.

ఇనుము మందం గురించి ఎక్కువ భయపడకండి. మీ బరువులకి 50 మిల్లీమీటర్ల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల మందంతో సరిపోతుంది, 60 మిల్లీమీటర్ల పైపు 3 మిల్లీమీటర్ల మందంతో ఉంటే నిశ్చింత. అమ్మేవాళ్ళు చెప్పే మందం నిజమో కాదో తెలుసుకోవడానికి మార్గం ఉంది. స్టాండ్ మొత్తం బరువెంత అని అడగండి. మొదటి రకం పైపు మీటరుకి 3 కిలోలు తూగుతుంది, రెండో రకం మీటరుకి దాదాపు 5.4 కిలోలు. స్తంభాలు, పాదాలు, అడ్డ పైపులు కలిపితే ఇలాంటి స్టాండ్‌లో సుమారు 8 మీటర్ల పైపు ఉంటుంది. అంటే మొదటి రకానికి 24 కిలోలు, రెండో రకానికి 43 కిలోలు రావాలి. "3 ఎంఎం మేడమ్" అంటూ 22 కిలోల స్టాండ్ చూపిస్తే అది 3 ఎంఎం కాదు.

పైపులో పైపు దూరి, ఎత్తు పెంచుకునే రకాలు వస్తున్నాయి. రెండు పైపుల మధ్య సందు ఉంటుంది కాబట్టి పైభాగం కొంచెం ఆడుతుంది. షాపులో స్తంభం పై కొస పట్టుకుని పక్కకి ఊపి చూడండి. బార్ పెట్టేటప్పుడు ఆ ఊగిసలాటే మీ గుండెని మళ్ళీ జల్లుమనిపిస్తుంది. రంధ్రాలున్న ఒకే పొడవాటి స్తంభం నయం. ఆ రంధ్రాల మధ్య దూరం 5 సెంటీమీటర్లకి మించకూడదు. 10 సెంటీమీటర్లుంటే ఒకటి మరీ ఎత్తు, ఇంకోటి మరీ పల్లం అవుతుంది.

ఎత్తుల సంగతి ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. మీరు 5 అడుగుల 3 అంగుళాలన్నారు. ఒక కర్ర భుజాల మీద బార్‌లాగా పెట్టుకుని నిలబడండి. మీ అబ్బాయిని నేల నుంచి కర్ర దాకా కొలవమనండి. కొక్కెం దానికన్నా నాలుగైదు వేళ్ళు కిందకుండాలి. మోకాళ్ళు కొద్దిగా వంచి బార్ కిందకి దూరి, నిటారుగా లేస్తే బార్ బయటికి రావాలి. మునివేళ్ళ మీద లేచి బార్ తీయాల్సి వస్తే అది మీ ఎత్తు కాదు. తర్వాత అదే కర్రతో మీరు మామూలుగా ఎంత లోతు కూర్చుంటారో అంత కూర్చోండి, అక్కడ మళ్ళీ కొలవమనండి. సేఫ్టీ ఆర్మ్స్ ఆ కొలతకి 2, 3 సెంటీమీటర్లు కిందకి ఉండాలి. చాలా స్టాండ్లలో ఆర్మ్స్ అంత కిందికి దిగవు, లేదా ఒకే ఎత్తులో వెల్డింగ్ చేసేసి ఉంటాయి. ఆరడుగుల మగవాళ్ళకి సరిపోయేది మీకు సరిపోదు. ఈ రెండు కొలతలూ చీటీ మీద రాసుకుని షాపుకి వెళ్తే సగం స్టాండ్లు అక్కడే తప్పుకుంటాయి.

బార్ కూడా స్టాండ్‌లో భాగమే. ఇళ్ళ కోసం సెట్లుగా అమ్మే సన్నటి 5 అడుగుల రాడ్ తీసుకోకండి. ప్లేట్లని లోపలికి రాకుండా ఆపే రెండు కాలర్ల మధ్య దూరం స్తంభాల వెడల్పుకన్నా తక్కువ ఉంటే ఆ రాడ్ స్టాండ్ మీద కూర్చోనే కూర్చోదు. పోటీల్లో మగవాళ్ళ బార్ 20 కిలోలు, 2.2 మీటర్లు. ఆడవాళ్ళ బార్ 15 కిలోలు, 2.01 మీటర్లు, పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందమే. కాలర్ల మధ్య దూరం రెండింటికీ ఒకటే, 131 సెంటీమీటర్లు. కాబట్టి అదే స్టాండ్‌కి రెండూ పడతాయి. మీకు 15 కిలోల బార్ చెబుతాను. చేతికి అందంగా పడుతుంది, మీ గదికీ అదే మేలు. బార్‌ని 10 అడుగుల గోడకి సమాంతరంగా పెడితే ఒక్కో వైపు అర మీటరు మిగులుతుంది, ప్లేట్లు ఎక్కించడానికి మనిషి నిలబడొచ్చు. 9 అడుగుల వైపు తిప్పితే 36 సెంటీమీటర్లే, ప్రతిసారీ మోచెయ్యి గోడకి రాసుకుంటుంది. ప్లేట్లు కిలో లెక్కన అమ్ముతారు, పాతవి కొన్నా నష్టం లేదు. 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవే చూడండి. ఇనుముకి వయసైపోదు. డబ్బు సర్దుబాటు కావాలంటే అక్కడే చేసుకోండి.

ఆటోనగర్ వెల్డింగ్ షాపాయన సంగతి. నేను కాదనను. లారీ చాసిస్‌లు అతికేవాళ్ళకి మీ స్టాండ్ ఒక లెక్క కాదు. అయితే ఆయనకి ఇనుము తెలుసు, స్క్వాట్ తెలీదు. ఆ తెలివిడి మీరు తీసుకెళ్ళాలి. రెండు స్తంభాలనీ పక్కపక్కన బిగించి రంధ్రాలు ఒకేసారి వెయ్యమనండి, విడివిడిగా వేస్తే ఎడమ కొక్కెం కుడి కొక్కెం కన్నా రెండు మిల్లీమీటర్లు పైన ఉంటుంది, బార్ ఎప్పుడూ వంకరే. వెల్డింగ్ జాయింట్ చుట్టూ పూర్తిగా ఉండాలి, మూలల్లో చుక్కలు పెట్టి వదిలెయ్యకూడదు. కొక్కెం ముందు అంచు 5 సెంటీమీటర్లయినా లేవాలి, లోపల నైలాన్ పలక బిగించాలి, లేకపోతే బార్ గరుకంతా అరిగిపోతుంది. రంధ్రాలు వేశాకే రంగు వెయ్యమనండి. మీది సముద్రపు గాలి, రంగు తగలని రంధ్రం అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. ఇవన్నీ దగ్గరుండి చేయించుకునే తీరిక ఉంటే 5 వేలు మిగులుతాయి. శని, ఆదివారాలు పిల్లలతోనే సరిపోతాయనుకుంటే ఆ 17 వేలదే, పాదం కొలిచి తీసుకోండి. గోడకి బిగించి మడిచిపెట్టే రకం ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి. అద్దె ఇంటి గోడ, అదీ నాలుగంగుళాల ఇటుక గోడ అయితే ఆ బోల్టుల్ని నమ్మలేం.

అసలు కొనకుండా ఉండే దారి కూడా ఉంది, దాన్ని తక్కువ చెయ్యను. సర్దుబాటు చేసుకునే డంబెల్స్ ఒక జత, ఒక బల్ల. డంబెల్ గుండెకి ఆనించుకుని స్క్వాట్, వెనక కాలు బల్ల మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్. చెరో చేతిలో 15 కిలోలతో ఒంటికాలి స్క్వాట్ ఎనిమిదిసార్లు చేసి చూడండి, బార్ గుర్తుకు రాదు. లేవలేకపోతే డంబెల్స్ కింద పెట్టేస్తారు, అంతే. చప్పుడు లేదు, గది ఖాళీ చెయ్యక్కర్లేదు. ఏడాదిలోపు ఇల్లు మారే ఆలోచన ఉంటే నేను ఇదే చెబుతాను. దీనివల్ల వచ్చే నష్టం ఏమిటంటే, వెన్నెముక మీద నేరుగా పడే బరువు తక్కువ. మీ డాక్టరుగారు బరువులు చెయ్యమన్నది ఎముకల కోసం. 2018లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ముట్లాగి ఎముకల సాంద్రత తగ్గిన 101 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగం వాళ్ళు 8 నెలలపాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, బార్‌తో స్క్వాట్, నేల మీది బార్‌ని పైకి లేపే డెడ్‌లిఫ్ట్ లాంటివి భారీ బరువుతో చేశారు. వాళ్ళ నడుము ఎముక సాంద్రత మెరుగైంది. ఆ వివరం చదివి ఉత్సాహపడేవాళ్ళు అందులోనే ఉన్న ఇంకో మాట వదిలేస్తుంటారు: వాళ్ళు చేసింది శిక్షకుల కళ్ళ ముందు. అందుకని ఇంట్లో స్టాండ్ పెట్టుకున్నా, నెలకి ఒకటి రెండుసార్లయినా కోచ్ దగ్గరికి వెళ్ళి మీ స్క్వాట్ చూపించుకోండి. మీ ఎముకల రిపోర్టు చూపించి, ఎంత బరువు దాకా వెళ్ళొచ్చో డాక్టరుగారినీ అడగండి. ఆ రెండు పనులూ ఏ స్టాండూ చెయ్యలేదు.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళు.

మీ అత్తయ్యగారిది ఆమదాలవలస వైపని రాశారు. అక్కడి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో, స్నాచ్ పద్ధతిలో 110, క్లీన్ అండ్ జర్క్ పద్ధతిలో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడపిల్లకి వచ్చిన మొదటి పతకం అదే. ఆవిడకి ఆ పేరు తప్పకుండా తెలిసే ఉంటుంది. కానీ వాదించడానికి ఆ పేరు వాడకండి. మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. అత్తయ్యగారు కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేస్తారని రాశారు. ఆవిడ రోజుకి ఇరవైసార్లు చేస్తున్న ఆ పనే స్క్వాట్. మీ అమ్మగారికి ఏం జరిగిందో ఆవిడ కూడా చూశారు. "నాకు బరువులు కావాలి" అని కాకుండా "అమ్మలాగా నాకు కాకూడదని భయంగా ఉంది అత్తయ్యా" అని చెప్పి చూడండి. అది నిజం కూడా. ఎత్తయిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవడం, పక్కన మీరు నిలబడి, ఆవిడ డాక్టరు సరేనంటే, ఆవిడతోనూ మొదలుపెట్టించొచ్చు. మన వ్యాయామశాలల్లో దండీలు, బస్కీలు తీసినవాళ్ళు ఆ తరంలో ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. బస్కీ అంటే ఆవిడకి మనకన్నా బాగా తెలుసు. 'స్క్వాట్' అన్న మాటే కొత్త.

కింది ఫ్లాట్ పెద్దాయన దగ్గరికి స్టాండ్ రాకముందే వెళ్ళండి, వచ్చాక కాదు. ఏ వేళ ఆయన పడుకుంటారో అడిగి ఆ వేళ వదిలెయ్యండి. స్క్వాట్‌కి నిజానికి చప్పుడు ఉండదు, బార్ నేలకి తగలదు కదా. డెడ్‌లిఫ్ట్‌కి ఉంటుంది. ఒక ప్లైవుడ్ పలక, దాని మీద 12 మిల్లీమీటర్ల మందం రబ్బరు మ్యాట్ పరచండి. అలా పరిచినా సరే, బార్‌ని కిందికి వదిలెయ్యకుండా దించడమే మర్యాద. స్లాబు ఆగుతుందా అని మీవారు అడిగారట. నివాస గదుల స్లాబుని చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు మోసేలా కట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. స్టాండ్, మీరు, బార్ అన్నీ కలిపి 170 కిలోలు, అదీ రెండు చదరపు మీటర్ల పైచిలుకు జాగాలో. నిండా పుస్తకాలున్న బీరువా అంతకన్నా బరువు. ఎత్తు నుంచి పడేస్తే అది వేరే సంగతి, టైల్ ముందు పోతుంది.

గది మధ్యలో సీలింగ్ ఫ్యాన్ ఉంటే స్టాండ్‌ని దాని కింద పెట్టకండి. మీ స్క్వాట్‌కి అడ్డం రాదు, కానీ రేపు మీ అబ్బాయి బార్ తలపైకి ఎత్తుతాడు. వాడికి తొమ్మిదో తరగతి, నేర్చుకోవచ్చు. ఖాళీ బార్‌తో, మీరు గదిలో ఉన్నప్పుడే. బల్ల మీద పడుకుని ఛాతీ మీద నుంచి బార్ నెట్టే బెంచ్ ప్రెస్ మాత్రం, ఆర్మ్స్ ఛాతీ ఎత్తుకి సరిచెయ్యకుండా ఇంట్లో ఎవ్వరూ చెయ్యకూడదు, మీవారితో సహా. స్క్వాట్‌లో ఇరుక్కుంటే కూలబడతాం. బెంచ్ మీద ఇరుక్కుంటే బార్ మెడ మీదకి వస్తుంది. ఇళ్ళలో ఒంటరిగా చేసేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే.

పాప ఆరేళ్ళది కాబట్టి ఒక అలవాటు. పని అయ్యాక బార్ కొక్కేల మీద వదిలెయ్యకండి, దించి గోడ వారన నేల మీద పెట్టండి. ప్లేట్లు తీసేటప్పుడు ఇటొకటి, అటొకటి. ఒక వైపంతా ఖాళీ చేసేసి రెండో వైపు బరువంతా ఉంచితే బార్ తక్కెడలా లేచి తిరగబడుతుంది, ఖాళీ కొస మొహం ఎత్తులో దూసుకొస్తుంది.

చివరిది మీ భయం. స్టాండ్ కొంటే పోతుందా అని అడిగారు. కొన్నంత మాత్రాన పోదు. కొన్నాక మీరు ఒక పని చెయ్యాలి: పడటం సాధన చెయ్యాలి. మొదటి రోజు ఖాళీ బార్ తీసుకోండి. ఆర్మ్స్ మీ కొలతకి పెట్టుకోండి. కిందికి కూర్చోండి, లేవడానికి ప్రయత్నించకండి. బార్‌ని వెనక్కి విసరొద్దు, వీపు మీదే ఉంచుకుని ఇంకొంచెం కిందికి దిగండి. రెండు వైపులా ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది, వీపు మీద బరువు ఒక్కసారిగా మాయమవుతుంది. చేతులు వదిలి, తల వంచి ముందుకి బయటికి రండి. దీనికి ముందు అరచేతులు ఎక్కడున్నాయో చూసుకోండి, వేళ్ళు ఆర్మ్‌కీ బార్‌కీ మధ్య పడకుండా లోపలి వైపు ఉండాలి. ఐదుసార్లు చెయ్యండి. మర్నాడు 30 కిలోలతో మూడుసార్లు. ఆ వారంలోనే 40తో రెండుసార్లు. కావాలని, నవ్వుతూ, ఇంట్లో ఎవరో ఒకరు గదిలో ఉండగా.

తర్వాతే మామూలు సెట్లు. 40 నుంచి వారానికి రెండున్నర కిలోలు చొప్పున ఎక్కండి, 55కి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో ఒక వారం వెనక్కి వెళ్ళినా పరవాలేదు. బార్ తిరిగి పెట్టేటప్పుడు కొక్కెం వైపు వంగి చూడకండి, నేరుగా ముందుకి నడిచి బార్ రెండు స్తంభాలకీ తగిలిందని తెలిశాకే కిందికి దించండి.

స్తంభం మీద మీ కొక్కెం రంధ్రం దగ్గర, ఆర్మ్ రంధ్రం దగ్గర రంగుతో గుర్తు పెట్టుకోండి, మీ అబ్బాయికి వేరే రంగు. వాడు చేసి వెళ్ళాక ఆర్మ్స్ వాడి ఎత్తులోనే ఉండిపోతాయి. తెల్లవారుజామున నిద్రమత్తులో మీరు చూసుకోవాల్సింది ఆ గుర్తులే.